ఇంటి పరువు, మత్తు సరుకు: తెలుగు చీకటి హాస్యంలో గడప ఎక్కడ?

వ్యాససంగ్రహం:
మర్యాదస్తుల ఇల్లు, మత్తుపదార్థాల వ్యాపారం ఒకే కప్పు కింద చేరినప్పుడు పుట్టే హాస్యం అమెరికన్ టెలివిజన్‌లో ఒక ప్రత్యేకశాఖగా ఎదిగింది. ‘వీడ్స్’ ధారావాహికను పోలికగా తీసుకుని, ‘కుమారి శ్రీమతి’, ‘మత్తు వదలరా’ మొదలైన తెలుగు రచనలలో ఆ ఇంటికీ ఆ సరుకుకూ మధ్య గీత ఎక్కడ గీయబడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చీకటి హాస్యం, వెబ్ సిరీస్, మధ్యతరగతి, గంజాయి, మద్యం, కన్యాశుల్కం.

1. ఉపోద్ఘాతం

నల్లజర్ల మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిపై రాత్రిపూట వాహనాల వరుస ఆగిపోతే, ఊళ్లో ముందుగా వచ్చే ఊహ ఒక్కటే: గంజాయి కోసం తనిఖీ చేస్తున్నారని. తూర్పు కనుమల ఏజెన్సీలో పండిన సరుకు దక్షిణాదికి వెళ్లే దారులలో ఇదొకటి. 2021 అక్టోబరు చివర రాష్ట్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట సాగును ధ్వంసం చేయడం మొదలుపెట్టారు. 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఇంత దగ్గరలో ఉన్న విషయం మా డిగ్రీ తరగతిలో ప్రస్తావనకు వస్తే విద్యార్థులు మౌనంగా ఉంటారు. అదే ‘బ్రేకింగ్ బ్యాడ్’ పేరెత్తితే వెనక బెంచీలవారు సైతం నోరు విప్పుతారు. ఆల్బుకర్కీ రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడి పతనం మీద వారికి అభిప్రాయాలున్నాయి. తమ రోడ్డు మీద ఆగిన లారీ గురించి లేవు. ఈ తేడాను విద్యార్థుల అమాయకత్వంగా తీసిపారేయడం తేలికే. అయితే ఆ కథలు వారికి ఇస్తున్నదేమిటో, తెలుగు కథలు ఇవ్వనిదేమిటో అడగడం విమర్శకు అవసరం.

2. గడప లోపలి వ్యాపారం

జెంజి కోహన్ సృష్టించిన ‘వీడ్స్’ 2005 నుంచి 2012 వరకు షోటైమ్‌లో ఎనిమిది భాగాలుగా ప్రసారమైంది. నాన్సీ బాట్విన్ భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు. కాలిఫోర్నియాలో అగ్రెస్టిక్ అనే కల్పిత శివారు కాలనీలో, ఇద్దరు కొడుకులతో అదే ఇంట్లో, అదే స్థాయిలో బతకాలంటే ఆమెకు డబ్బు కావాలి. గంజాయి అమ్ముతుంది. ఇక్కడి హాస్యమంతా ఒక్క సంగతి మీద నిలబడింది: కొనేవాళ్లు వీధి రౌడీలు కారు, ఆ కాలనీ పెద్దమనుషులే. ఎవరి దృష్టిలో గౌరవం నిలుపుకోవాలని ఆమె తాపత్రయపడుతుందో వాళ్లే ఆమె ఖాతాదారులు. పరువు కోసం చేసే పనీ, పరువు తీసే పనీ ఒకటే కావడం వలన నవ్వు వస్తుంది. ఆ నవ్వు వెనువెంటనే మనల్ని ఇరుకున కూడా పెడుతుంది.

ఈ ధారావాహిక మరొక నిజాన్ని కూడా చూపింది. నాన్సీకి సరుకు సరఫరా చేసేది హీలియా అనే నల్లజాతి స్త్రీ కుటుంబం. ఒకే నేరం కాలనీలో సాహసమవుతుంది, హీలియా ఇంట్లో బతుకుతెరువవుతుంది. ‘వీడ్స్’ను చివరిదాకా సమర్థించలేం. కాలనీని వదిలాక కథ పట్టు తప్పింది. ఇల్లు పోయిన తరువాత నాన్సీ కేవలం నేరస్థురాలు, ఆమె కథలో దాచుకోవలసింది ఏమీ మిగలలేదు.

3. చట్టం అనుమతించిన చీకటి

తెలుగులో దీనికి దగ్గరి బంధువు గోదావరి జిల్లాలోనే పుట్టింది. శ్రీనివాస్ అవసరాల సృష్టించి, గోమటేశ్ ఉపాధ్యే దర్శకత్వం వహించిన ‘కుమారి శ్రీమతి’ 2023 సెప్టెంబరు 28న అమెజాన్ ప్రైమ్‌లో ఏడు భాగాలుగా వచ్చింది. నిత్యామేనన్ పోషించిన ఇటుకలపూడి శ్రీమతి పెళ్లికి తొందరపడని మధ్యతరగతి యువతి. బాబాయి చేతిలో ఉన్న తాతగారి ఇంటిని దక్కించుకోవాలంటే ఆరు నెలల్లో 38 లక్షలు కట్టాలి. అందుకు ఆమె ఎంచుకున్న మార్గం ఊళ్లో బార్ పెట్టడం.

ఎత్తుగడ చూస్తే అచ్చంగా నాన్సీదే: ఇల్లు, అప్పు, మగదిక్కు లేని కుటుంబం, పదిమంది ముఖం చిట్లించే సరుకు. కానీ ఇక్కడ సరుకు మద్యం. అది నేరం కాదు, అప్రతిష్ఠ మాత్రమే. దాంతో కథాభారమంతా ‘చేయవచ్చా’ అనే ప్రశ్న నుంచి ‘నలుగురూ ఏమంటారు’ అనే ప్రశ్న మీదికి జరిగింది. శ్రీమతి తన ఇంట్లోవాళ్లకు నచ్చచెప్పాలి, ఊరికి జవాబు చెప్పాలి. తనకు తాను జవాబు చెప్పుకోవలసిన అవసరం మాత్రం రాదు. ప్రేక్షకులు ఆమెను ప్రేమించడానికి కారణం ఇదే. ఈ రచనకున్న పరిమితి కూడా ఇదే.

మద్యం తెలుగునాట ఎన్నడూ తటస్థమైన సరుకు కాదు. దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం, 1995 సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు ఇక్కడివారి జ్ఞాపకంలో ఉన్నవే. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2022 మార్చిలో మాకు పొరుగునే ఉన్న జంగారెడ్డిగూడెంలో జరిగిన వరుస మరణాలు నాటుసారా వల్లనేనా కాదా అని శాసనసభ అట్టుడికింది. ఆ మరుసటి ఏడే వచ్చిన ‘కుమారి శ్రీమతి’లో ఈ చరిత్ర బరువు కనిపించదు. గోదావరి గట్టు, పాత మండువా లోగిలి, వెటకారం నిండిన యాస అంత అందంగా ఉన్నచోట బార్‌లో తాగి వెళ్లినవాడి ఇల్లు కెమెరాకు అందలేదు. ఆ ఇంటి ఆడవాళ్లు ఊరి విమర్శలో భాగమవుతారు తప్ప కథలో పాత్రలు కారు. ఒక స్త్రీ స్వయంపోషణకూ మరికొందరు స్త్రీల నష్టానికీ మధ్య ఉండే ఘర్షణే నిజానికి చీకటి హాస్యానికి సరైన ముడిసరుకు. రచన దాని అంచుదాకా వెళ్లి వెనుదిరిగింది.

4. అపార్ట్‌మెంటు బయటివాడు

రితేష్ రాణా ‘మత్తు వదలరా’ (2019) సినిమాయే అయినా ఈ చర్చలో విడిచిపెట్టలేం. మాదకద్రవ్యం ఇక్కడ కథకు ఇరుసు. నాయకుడు చాలీచాలని జీతానికి పార్సిళ్లు అందించే డెలివరీ కుర్రవాడు. కొనుగోలుదారుల దగ్గర ఒక నోటు నొక్కేయడమనే చిన్న కక్కుర్తితో మొదలై పెద్ద ఊబిలో దిగబడతాడు. అగ్రెస్టిక్‌లో అమ్మకందారు కాలనీవాసి; ఇక్కడి కుర్రవాడు అపార్ట్‌మెంటులోకి రెండు నిమిషాల పనిమీద వచ్చిన పరాయివాడు. లిఫ్టు, కారిడారు, మూసిన తలుపులు, ఇవన్నీ అతని చూపునుంచే మనకు తెలుస్తాయి. శివారు సుఖజీవనాన్ని కిందినుంచి చూడటం ఈ చిత్రం సాధించిన అసలైన కొత్తదనమని నా అభిప్రాయం. సత్య నటనలోని అమాయకత్వానికి దక్కిన ప్రశంసల జోరులో ఈ సంగతి మరుగునపడింది.

‘సేవ్ ది టైగర్స్’ (2023) ముగ్గురు భర్తల తాగుడును నవ్వుకు వాడుకుంది. ఘంటా రవి భార్య గేటెడ్ కమ్యూనిటీకి మారాలని పట్టుబట్టడం అందులో పదునైన అంశం. కానీ ఆ సిరీస్‌లో తాగుడు భార్యల నుంచి దొరికిన విరామమే తప్ప దేనికీ ప్రశ్న కాదు.

5. సారా కొట్టు దగ్గర

‘ఇది మన సంస్కృతికి సరిపడని హాస్యం’ అనే వాదన అప్పుడప్పుడు సదస్సులలో వినిపిస్తుంది. ‘కన్యాశుల్కం’ చదివినవారు ఆ మాట అనలేరు. 1909 నాటి రూపంలో గురజాడ సారా కొట్టునే రంగస్థలం మీదికి తెచ్చారు. హవల్దారు రూపంలో చట్టమూ, బైరాగి రూపంలో వైరాగ్యమూ ఒకే దుకాణంలో కూర్చుంటాయి. అగ్రహారంలో పసిపిల్లల అమ్మకం సాగుతుండగా, కొట్టులో వేదాంతం సాగుతుంది. ఎక్కడి వ్యాపారం ఎక్కువ హేయమో నాటకం తేల్చి చెప్పదు, రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. ఇంటి లోపలే అసలు అమ్మకం జరుగుతోందన్న గుర్తింపు నాన్సీ బాట్విన్‌కు వందేళ్ల ముందే మనకుంది.

మరి దాన్ని నేటి తెలుగు రచన ఎందుకు వదులుకున్నది? కొంత కారణం పాత్రల పంపిణీలో ఉందనుకుంటాను. క్రిష్ ‘ఘాటి’ (2025) గంజాయి మోసే కొండమనుషుల దాకా వెళ్లింది. అయితే అక్కడ రసం వీరమూ రౌద్రమూ. కూలీల వంతుకు కన్నీరు, ప్రతీకారం. పట్నంవాసుల వంతుకు హాస్యం. వాళ్లు మోసిన మూటను చివరకు విప్పేది తాడేపల్లిగూడెంలోనో హైదరాబాదులోనో ఏదో ఒక మర్యాదస్తుల గదిలోనే. ఆ గదినీ ఆ కొండనూ ఒకే కథలో కలిపే హాస్యం నా పరిశీలనకు అందిన తెలుగు సిరీస్‌లలో కనబడలేదు. మా వెనక బెంచీ విద్యార్థి ఒకడు దీన్నే వేరేవిధంగా అడిగాడు: “మాస్టారూ, లారీలో దొరికినవాడి పేరు పేపర్లో వేస్తారు గానీ, అది ఎవరింటికి పోతోందో ఎప్పుడూ వెయ్యరేం?”