దీపస్తంభపుఁ గావలివాఁడు

మహాబలిపురమున దీపస్తంభము చెంతనున్న ప్రదర్శనశాలను సకుటుంబముగాఁ జూడఁబోయినపుడు పిల్లలు కటకముల చుట్టును మూఁగిరి. నా మనసు మాత్రము వానిని తుడిచిన చేతులపైకిఁ బోయెను. ఈ స్తంభమునకుఁ బూర్వము ప్రక్కనున్న పల్లవులనాటి ఒలక్కణ్ణేశ్వరాలయము మీఁదనే దీపము పెట్టెడివారఁట. శివుఁడు అందులకు అలిగిన జాడ లేదు. 1823లో ఫ్రాన్సుదేశపు కోర్దువాన్ దీపస్తంభమున మొదట వెలసిన ఫ్రెనెల్ కటకము అల్పజ్వాలనైనను క్రోశములకొలఁది దూరము పంపఁగలదు గాని, దానిపై మసి పేరెనేని ఆ శాస్త్రమెల్ల వ్యర్థమే. రాత్రియెల్ల కటకమును త్రిప్పెడి యంత్రపు బరువును పైకిఁ జుట్టుచు, వత్తిని సవరించుచు, తెల్లవాఱినతోడనే గాజును మెత్తని వస్త్రముతోఁ దుడిచి, పగటియెండ అందుఁ జొచ్చి నిప్పు పుట్టింపకుండఁ దెరలు దించెడి ఆ కావలివాని నేర్పు, లాంతరుచిమ్నీని తళతళలాడించెడి మన గృహిణుల నేర్పునకు తోఁబుట్టువు.

“ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడు, తాతయ్యా?” అని మనుమరాలు అడిగెను. వంతులవారీగా నని చెప్పితిని.