మచ్చలు చూసి పేరు పెట్టొద్దు

విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర, సముద్రం వెనక్కి తగ్గిన ఓ పొద్దున, నీటి మడుగులో జానెడున్నర పొడవున ఓ మెత్తటి ముద్ద కనిపించింది. ఒళ్లు నాచు రంగు. దాని మీద నల్లటి వలయాలు. పక్కన గాలం వేస్తున్న కుర్రాడు వంగి చూసి, "ఏటండీ అది, జలగా?" అన్నాడు.

"జలగ కాదు నాయనా, నత్తల వంశం. కదలకుండా కూర్చో, అదే చెబుతుంది" అన్నాను.

కూర్చున్నాం. కాసేపటికి తల మీద రెండు కొమ్ములు నిక్కబొడుచుకున్నాయి, అచ్చం కుందేలు చెవుల్లా. దీన్ని సముద్రపు కుందేలు అనేది అందుకే. తర్వాత వీపుకి రెండు పక్కలా ఉన్న పొరలు మెల్లగా విచ్చుకున్నాయి. వాటి మధ్య, పల్చటి చిప్పను లోపల దాచుకున్న చిన్న మడత, దాని కింద మొప్ప. అప్పుడు నమ్మకంగా అన్నాను, ఇది సముద్రపు కుందేళ్లలో అప్లీసియా రకం అని. వెనకభాగం కత్తితో ఏటవాలుగా కోసినట్టు చదునుగా ఉంటే డొలాబెల్లా అనే ఇంకో రకం సముద్రపు కుందేలు అయ్యేది. వీపు మీద మొప్పలు పువ్వులా బయటే విచ్చుకుని ఉంటే స్పానిష్ డాన్సర్ అనే ఎర్రటి సముద్రపు నత్త అనుకునేవాణ్ని. తిండి కూడా ఓ గుర్తే: సముద్రపు కుందేలు నాచు మేస్తుంది, స్పానిష్ డాన్సర్ స్పంజికల్ని తింటుంది.

మరి ఆ వలయాలో? వాటిని నమ్ముకుంటే పొరబడతాం. 1828లో రాంగ్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టిన, ఇలాంటి వలయాలుండే అప్లీసియా డాక్టిలోమెలా లోకమంతా ఉందని చాలాకాలం అనుకున్నారు. 2013లో వెలువడిన జన్యు పరిశోధన ఆ లెక్క మార్చింది. ఆ పేరు అట్లాంటిక్ దానికే చెందుతుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లోది అప్లీసియా ఆర్గస్. పైగా అందులో వలయాలున్నవీ, లేనివీ ఒకే జాతి!

కుర్రాడు పట్టుకోబోతే చెయ్యి ఆపాను. ఎత్తితే పొరలు ముడుచుకుంటుంది, తిన్న ఎర్రనాచు నుంచి తయారైన ఊదా సిరా చిమ్ముతుంది. మనం చూడాల్సిన గుర్తులన్నీ అందులో మునిగిపోతాయి. దాని ఆయుష్షే ఏడాది అటూ ఇటూ. పక్క రాయికి సేమ్యా ముద్దలా అంటుకుని ఉన్న గుడ్ల దండ, ఆ కొద్దికాలంలో అది చేసుకున్న పని.

మీకూ ఎప్పుడైనా కనిపిస్తే తలవైపు, వీపువైపు, వెనకవైపు ఫోటోలు తీయండి. తేదీ, అది మేస్తున్న నాచు రాసుకోండి. తిరగేసిన రాయిని మళ్లీ ఉన్నట్టే పెట్టండి. దాన్ని మాత్రం నీళ్లలోనే ఉండనివ్వండి. పేరు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.