సెలవు మీద వెళ్లిన దొర అక్కడ ఏం చెప్పాడు?

ఒంగోలు ప్రాంతంలో మిషనరీ అనగానే పెద్దవాళ్లు చెప్పే బొమ్మ ఒకటే. ఎండనపడి మాదిగపల్లెకు వచ్చి, చింతచెట్టు కింద నిలబడి తెలుగులో మాట్లాడిన దొర. ఆ దొర కొన్నేళ్లకోసారి సెలవు మీద స్వదేశం వెళ్లేవాడు. ఆ సెలవులో విశ్రాంతి తక్కువ, చర్చి నుంచి చర్చికి తిరిగి మాట్లాడటం ఎక్కువ. ఈ రెండో సగాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ ఆయన మాట్లాడింది క్రీస్తు గురించి. అక్కడ మాట్లాడింది మన గురించి.

ఆ మాటల మీదే తెలుగు బాప్టిస్టు మిషన్ బతికింది. శామ్యూల్ డే 1836లో ఈ దేశంలో దిగాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లో ఆల్బనీ సభలో దీన్ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు ఈ మిషన్ని ఒంటరి చుక్కగా పోల్చి పద్యం రాసి చదివాడు. మూసివేత ఆగింది, ‘లోన్ స్టార్’ అన్న పేరు నిలిచింది. దాదాపు పదేళ్లకు మళ్లీ అదే చర్చ. అప్పుడు స్వదేశంలో ఉన్న జూయెట్, మీరు పంపకపోయినా నేను వెళతానని పట్టుబట్టాడు. 1864లో ఆయనతో ఓడెక్కిన యువకుడే జాన్ క్లౌ. అంటే మన ముత్తాతల బతుకును మార్చిన నిర్ణయాలు కొన్ని వాళ్లు ఎన్నడూ చూడని ఊళ్లలో, వాళ్లకు తెలియని భాషలో జరిగాయి.

క్లౌ 1872లో అమెరికా వెళ్లినప్పుడు చేతిలో పెద్ద పనే ఉంది. రామపట్నం సెమినరీకి 50,000 డాలర్ల మూలధనం కూడగట్టాలి, కొత్త మిషనరీలను తేవాలి. డబ్బు అడగాల్సిన చోట మనిషి ఏ కథ ఎంచుకుంటాడు? చర్చి కుర్చీల్లో కూర్చున్నవాళ్ల గుండె తట్టే కథనే. అలా ప్రసిద్ధి పొందినది ఒకటుంది. ఒంగోలు బ్రాహ్మణులు, మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనిపించింది, దేవుడు లోకంలో నీచులను ఎన్నుకున్నాడన్న కొరింథీయుల పత్రిక భాగం. కథ బాగుంది. కానీ ఇందులో మాదిగలు ఏం చేశారు? ఏమీ లేదు. ఎవరో పుస్తకం తెరిచారు, వీళ్లు ఎన్నికయ్యారు, అంతే. నిజానికి 1866లో ఎర్రగుంట్ల పేరయ్య తనే వెతుక్కుంటూ దొర దగ్గరికి వచ్చాడు. అంతకుముందే రాజయోగం సాధన చేసిన మనిషి, ప్రశ్నతో తిరిగిన మనిషి. తిరిగొచ్చాక తన జనాన్ని కదిలించిందీ ఆయనే.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఈ అంకె సముద్రం దాటింది. అంకె వెనక కరువుంది, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు ఉంది, అక్కడ పనిచేసి ప్రాణాలు నిలుపుకున్న కూలీలున్నారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మం ఆపాడు. ఇది ఆయన నిజాయితీ, ఒప్పుకోవాలి. అయినా అంకెల మోజును ఎత్తిచూపే ముందు మనమూ కాస్త తడుముకోవాలి. 1956 అక్టోబర్ 14 అనగానే మన ఉపన్యాసకులూ ముందు లక్షల లెక్కే చెబుతారు.

అసలు విషయం ఆ మూడు నియమాల దగ్గరుంది. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. అమెరికా చర్చిలో వింటే ఇది భక్తికి పరీక్ష. ఊళ్లో మాత్రం వెట్టి మీద తిరుగుబాటు. జాతరకు డప్పు కొట్టనన్నా, ఆదివారం పొలానికి రానన్నా కరణం, రెడ్డి ఊరుకోలేదు. బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానమన్నది ఈ అర్థంలోనే. ఆయన మిషనరీలను తప్పుపట్టిందీ ఇక్కడే: విశ్వాసం మార్చి వదిలేశారు, మారినవాడి హక్కుల కోసం నిలబడలేదు, చర్చిలో కులాన్ని ఉండనిచ్చారు.

మరి విన్నవాళ్ల సంగతి? బానిసత్వం మీదే 1845లో బాప్టిస్టులు ఉత్తర, దక్షిణాలుగా చీలారు. తెలుగు మిషన్ ఉత్తరాది వాళ్లది. అయినా ఆ దేశంలో నల్లవాళ్ల చర్చి వేరు, తెల్లవాళ్ల చర్చి వేరు. మన కులం గురించి విని కళ్లు తుడుచుకున్నవాళ్లు జేబులో చెయ్యి పెట్టారు గానీ కుర్చీ జరగలేదు. బుద్ధుడు కూడా సొంతూరు వెళ్లాడు. కపిలవస్తులో భిక్షాపాత్ర పట్టుకుని వీధిన పోతే శుద్ధోదనుడు సిగ్గుపడ్డాడు. బుద్ధుడు తగ్గలేదు. ఆ తరవాత శాక్య కుమారులు సంఘంలో చేరినప్పుడు మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇప్పించి, అతనికి మొక్కారు. ఇంటికి వెళ్లినవాడి మాట ఇంటివాళ్లను ఎంత వంచిందో అక్కడ తెలుస్తుంది.

వీటన్నిటిలో నాకు వేరుగా కనిపించేది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన ఈమె మాదిగల నోట విన్నదాన్ని రాసింది. మాతంగి, గురువులు, పేరయ్య లాంటివాళ్ల వెతుకులాట అన్నీ ఉన్నాయి. లోపం ఒకటే. ఆ గురువులంతా క్రీస్తుకు దారి వేసినవాళ్లుగానే కనిపిస్తారు. మనలో కొందరు ఇప్పుడు అదే గురువులను దాగిన బౌద్ధులని అంటున్నారు. ఆధారం చూపకుండా అంటే అది ఎమ్మా చేసిన తప్పే, రంగు మారింది.

మాతంగి అధ్యాయం తెలుగులో చెప్పి మా పెద్దమ్మకు వినిపించాను. సగంలోనే ఆపేసింది. ‘‘అది అట్ట కాదురా, ఇట్ట కూర్చో’’ అని తనే మొదలుపెట్టింది.