సరస్సు, చెరువు: తెలుగు యాత్రారచనలో ఐరోపా నగరం, భోజనం

తెలుగు యాత్రారచనల శీర్షికలను వరుసగా చదివితే రెండు అలవాట్లు కనిపిస్తాయి. ఒకటి రోజులు లెక్కపెట్టడం, రెండవది చూడటం. సి. నారాయణరెడ్డి ‘సోవియట్ రష్యాలో పది రోజులు’, ‘ముచ్చటగా మూడు వారాలు’, ‘పాశ్చాత్య దేశాల్లో యాభై రోజులు’ మొదటిదానికి, అక్కినేని నాగేశ్వరరావు ‘నేను చూసిన అమెరికా’ రెండవదానికి ఉదాహరణలు. శీర్షికతో గ్రంథాన్ని తూచడం న్యాయం కాదు. అయినా ఒక ప్రక్రియ తన పేరులోనే కంటికి పెద్దపీట వేసినప్పుడు నాలుకకు దక్కిన స్థానమేమిటని అడగడం విమర్శకు అవసరం. జెనీవా, జ్యూరిక్, లూసర్న్ వంటి సరస్తీర నగరాల వర్ణనలో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. అక్కడ నీరు కంటికీ ఆహారమే, కంచానికీ ఆధారమే.

ఈ పక్షపాతానికి మూలం అలంకారశాస్త్రంలో వెతకవచ్చు. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనల్లో నగరముంది, ప్రయాణముంది, సలిలక్రీడ ఉంది, మధుపానం సైతం ఉంది. భోజనం లేదు. కవులు మాత్రం ఈ జాబితాకు కట్టుబడలేదు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి వంటకాలు మార్చి అతిథులకు పెడతాడు. ‘శృంగారనైషధం’లో పెళ్లివిందు ఉంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద విసుగు ఉంది. పరాయి సీమ అన్నం నోట పెట్టలేక గొణిగే యాత్రికుడు ఆ విధంగా తెలుగు సాహిత్యానికి పాత పరిచయస్థుడే. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రను నమోదు చేస్తూ, ఏ మజిలీలో ముసాఫరులకు కావలసిన వస్తువులు దొరుకుతాయో, ఎక్కడ దొరకవో ఓపికగా రాశాడు. రుచి గురించి కాకపోయినా సరుకు గురించి ఆయనకు పట్టింపు ఉంది. ఆ పట్టింపును తర్వాతి ఐరోపా యాత్రారచన అందిపుచ్చుకోలేదు.

దీనికి ప్రబలమైన మినహాయింపు యాత్రాచరిత్ర కాదు, నవల. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశం మద్రాసు మీదుగా ఓడెక్కి, ఫ్రాన్సు దాటి ఇంగ్లండు చేరతాడు. అతడు కొనుక్కున్న ఆడవారి టోపీని పాఠకులు తరతరాలుగా గుర్తుంచుకున్నారు. విమర్శకులూ ఎక్కువగా వేషభాషల హాస్యం దగ్గరే ఆగారు. అయితే ఆ నవలలో వేషం ఒక పూటలో మారుతుంది, భాష నెలల్లో అలవడుతుంది, భోజనం ప్రతి పూటా కొత్తగా సమస్య అవుతుంది. శాకాహార నియమం ఉన్నవాడికి ఓడలో బల్ల ముందు కూర్చోవడమే పరీక్ష. ఎడింబరోలో చదువుకున్న రచయితకు ఈ సంగతి స్వానుభవం నుంచి తెలిసి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. యాత్రాచరిత్రకారుడు మర్యాదకు దాచుకునే ఇబ్బందిని నవలాకారుడు పాత్ర నెత్తిన పెట్టి చెప్పగలిగాడు. ఐరోపాలో తెలుగు నాలుక ఎదుర్కొన్న సంకటం నిజాయితీగా నమోదైంది కల్పనలోనే కావడం గమనార్హం.

సరస్తీర నగరాల దగ్గరకు వస్తే సమస్య పదం నుంచే మొదలవుతుంది. తెలుగు రచయిత విదేశీ జలాశయాన్ని దాదాపు ఎప్పుడూ ‘సరస్సు’ అంటాడు. ఆ పదం వెంట హంసలు, తామరలు, చంద్రోదయం వాటంతట అవే వస్తాయి. ‘చెరువు’ అంటే తూము, కట్ట, ఆయకట్టు, వల, చేపల వేలం వస్తాయి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ పేరులో సముద్రమే ఉన్నా నగరవాసి దాన్ని ట్యాంకు గానే పిలుచుకున్నాడు, కట్టకు ట్యాంక్‌బండ్ అన్న పేరే స్థిరపడింది. లెమాన్ జలాశయాన్ని చెరువుగా చూడగలిగిన యాత్రికుడికి అక్కడి జాలరి కనిపిస్తాడు. సరస్సుగా చూసినవాడికి 140 మీటర్ల ఎత్తుకు ఎగసే జెనీవా జలధార మాత్రమే కనిపిస్తుంది.

1990ల తర్వాత ఈ చూపును సినిమా పాట మరింత బిగించింది. ఆల్ప్స్ పర్వతాలు, నీలి నీరు, పచ్చిక, నడుమ నాయికానాయకులు: ఊరి మనుషులు లేని ఊరు అది. రెండు సరస్సుల నడుమ ఉన్న ఇంటర్లాకెన్‌లో 2016లో దర్శకుడు యశ్ చోప్రా విగ్రహం నెలకొల్పారంటే, ఆ ప్రాంతానికి భారతీయ ప్రేక్షకుల కన్ను ఎంత లాభదాయకమో తెలుస్తుంది. పాటలో ఎవరూ అన్నం తినరు. ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుని వెళ్లి రాసిన పర్యటన వ్యాసంలోనూ, భారతీయ భోజనశాల దొరికిందన్న ఊరట తప్ప మరో వంట ప్రస్తావన రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నేటి యాత్రికుడి మొగల్తూరు అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు, కర్రీ పాయింట్లు, పంజాగుట్ట వైపు నడిస్తే విదేశాలకు పంపే పచ్చళ్లు, పొడులు నూనె కారకుండా కట్టి ఇచ్చే దుకాణాలు. సముద్రయానానికి ప్రాయశ్చిత్తం అడిగే పెద్దలు ఇప్పుడు లేరు. ఆ నిషేధం చేసిన పనిలో కొంత భాగాన్ని ఆవకాయ పొట్లం చేస్తోంది. పెట్టెలో చోటు దొరికిన ఆ పొట్లాన్ని తప్పుపట్టడానికి లేదు. పరదేశంలో మొదటి నెల గడవాలంటే అది కావాలి. అయితే అది యాత్రారచనలోకి ‘తెలుగు రుచి’గా ప్రవేశించినప్పుడు ఎవరి రుచి అన్న ప్రశ్న వేయవలసి ఉంటుంది.

తెలుగు యాత్రాకథకుడు చెప్పకుండానే శాకాహారిగా నిలబడతాడు. మాంసం వాసనకు ముఖం తిప్పుకోవడం తెలుగుతనానికి గుర్తుగా చెల్లిపోతుంది. తెలుగువారిలో అత్యధికులు మాంసాహారులే. కొల్లేటి కొర్రమీను, గోదావరి పులస తెలిసిన నాలుక జెనీవా తీరంలో వెన్న, నిమ్మరసంతో వడ్డించే పెర్చ్ చేపను నాలుగు మాటల్లో తూచగలదు. ముల్లు ఎంత, పులుసుకు ఆగుతుందా, చప్పిడిగా ఉందా అని అడగగలదు. ఆ చేపలో పెద్ద భాగం నేడు ఆ సరస్సు నుంచి కాక బయటి నుంచి వస్తుందన్న సంగతి కొల్లేరు చూసినవాడికి వెంటనే అర్థమయ్యే విషయం. ఆ పోలిక తెలుగు ఐరోపా యాత్రారచనలో స్థిరమైన ధోరణిగా ఎదగకపోవడానికి కారణం అనుభవం లేకపోవడం కాదు. రాసే హక్కు చాలాకాలం ఒకే రకపు వంటింటి నుంచి వచ్చినవారి చేతిలో ఉండటం.

శాకాహారి కథకుడైనా తన నియమాన్ని శ్రద్ధగా పట్టించుకుంటే మంచి రచనే చేయగలడు. లండన్‌లో శాకాహారశాల కోసం వీధులు తిరిగి ఫారింగ్‌డన్ వీధిలో దాన్ని కనుక్కున్న గాంధీ ఆత్మకథ అందుకు సాక్ష్యం. వెతుకులాటే అక్కడ నగరాన్ని చూపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఇటువంటి వెతుకులాటకు ఎంతో సామగ్రి ఉంది. గ్రూయేర్ జున్నును సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడు పెడతారు. అందువల్ల జున్ను కరిగించి వైట్ వైన్ పోసి చేసే ఫాండ్యూ, మాంసం లేదు కదా అని తిన్నవాడి నియమాన్ని రెండు విధాలా తప్పిస్తుంది. మజ్జిగ చుక్కతో తోడు వేసే ఇంటి నుంచి వచ్చిన రచయిత ఇక్కడ ఒక పుట రాయవచ్చు. జ్యూరిక్‌లో హిల్టిల్ శాకాహారశాల 1898 నుంచి నడుస్తోంది. 1950లలో ఆ కుటుంబపు స్త్రీ ఒకరు శాకాహార సమావేశానికి భారతదేశం వచ్చి, మసాలా దినుసులు పట్టుకెళ్లి అక్కడి వంటల్లో చేర్చారు. పార్వతీశం మొగల్తూరులో పెట్టె సర్దుకునే నాటికే ఆ భోజనశాల తలుపులు తెరిచి ఉన్నాయి.