గొంతులే మైకులైన చోట
2011 శరదృతువులో న్యూయార్క్ జుకోటీ పార్కులో చేరిన వాల్ స్ట్రీట్ నిరసనకారులకు మైకులు వాడే అనుమతి లేదు. మాట్లాడదలచినవారు "మైక్ చెక్!" అని కేకవేస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఆ కేక అందుకునేవారు. ఇక నాలుగైదు మాటలు చెప్పడం, ఆగడం. దగ్గరివాళ్లు ఒక్క గొంతుతో పలికితే వెనకవాళ్లకు చేరేది. జనం మరీ ఎక్కువైతే వెనక మరో వరస అందుకునేది. తత్వవేత్త స్లావోయ్ జిజెక్ ప్రసంగమూ ఇలాగే ముక్కలుముక్కలుగా సాగింది.

మాటను ఎక్కడ విరవాలో తెలియడం వక్త నేర్పు. నేను ఎక్కువగా మెచ్చుకునేది మాత్రం ఆ అందించేవాళ్లనే. తాము ఒప్పుకోని అభిప్రాయాన్ని కూడా తమ నోటితోనే పలికి అవతలివారికి చేర్చారు. ఎంత పెద్దమనసు! తమ తీర్పును విడిగా సైగలతో చెప్పుకున్నారు: నచ్చితే వేళ్లు పైకెత్తి, నచ్చకపోతే కిందికి దించి ఆడించేవారు.