దరఖాస్తు వెనక ఊరు

1851లో కన్నుమూసిన, అమెరికాలోని సెయింట్ లూయిస్ ధనికుడు బ్రయన్ ముల్లన్‌ఫీ, పడమటికి వలసపోయే బాటసారుల కోసం ఆస్తిలో మూడో వంతు రాసిపోయాడు. తర్వాత రైళ్లొచ్చాయి, ఆ బాటసారులు తగ్గిపోయారు. డబ్బు మాత్రం వీలునామాలో ఇరుక్కుపోయింది.

ఇలాంటి చిక్కు రాకూడదనే 1914లో క్లీవ్‌లాండ్ బ్యాంకరు ఫ్రెడరిక్ గాఫ్ ఊరందరి విరాళాలకూ కలిపి ఒక నిధి పెట్టాడు. అసలు మదుపులో ఉంటుంది. రాబడి ఎప్పటి అవసరానికి అప్పుడు వెళ్తుంది.

నాకు ముచ్చటేసేది ఇలాంటి నిధుల తరఫున దరఖాస్తులు చదివే ప్రోగ్రామ్ ఆఫీసర్ పనితనం. ఏ ఫుడ్ బ్యాంకో, అద్దె కట్టలేక వీధిన పడబోతున్న కుటుంబాలకు అండగా నిలిచే ఏ చిన్న సంస్థో అర్జీ పెట్టుకుంటే, జమాఖర్చులు చూసి ఊరుకోరు; స్వయంగా వెళ్తారు. ఫ్రీజర్ పనిచేస్తోందా, చంటిబిడ్డతో వచ్చిన తల్లికి కుర్చీ ఉందా, పని దిగి సాయంత్రం వచ్చేవాళ్లకు తలుపు తెరిచి ఉంటుందా, ఇవేవీ కాగితంలో కనిపించవు. దరఖాస్తు చక్కగా రాయడం చేతకాని సంస్థే ఒక్కోసారి పేదింటికి అందరికన్నా దగ్గరగా ఉంటుంది. మంచి ఆఫీసరు ఆ సంగతి పసిగడతారు.

సరుకులకు డబ్బిచ్చి, వాటిని మోసే మనిషి జీతానికీ కరెంటు బిల్లుకూ ఇవ్వకపోతే అది సగం సాయమే. అందుకే షరతులు తగ్గించి, రెండు మూడేళ్లకు సరిపడా ఇప్పించేవాళ్లంటే నాకు మరీ గౌరవం. వచ్చే నెల జీతాలెలాగన్న బెంగ తీరితే, ఆ చిన్న ఆఫీసులో వాళ్లు ఎదుట కూర్చున్న కుటుంబం చెప్పేది తీరిగ్గా వినగలుగుతారు.