బతుకమ్మ: నగరప్రతిష్ఠ, నేతపట్టణపు వాస్తవం

ఒక ఉత్సవం వల్ల నగరానికి అంతర్జాతీయ గుర్తింపు రావడం కొత్త విషయం కాదు. రియో డి జనీరో అనగానే కార్నివాల్, ఎడింబరో అనగానే 1947లో మొదలైన కళోత్సవం స్ఫురిస్తాయి. బతుకమ్మ విషయం వేరు. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత, దాని అధికారిక రూపం హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద, స్టేడియంలలో స్థిరపడింది. 2021 అక్టోబరు 23న దుబాయిలోని బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ దృశ్యాలను ప్రదర్శించారు. ప్రపంచం చూసిన ఈ చిత్రంలో సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఎక్కడున్నాయన్నది పరిశీలించదగిన ప్రశ్న.

సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలతో ఒకప్పుడు దేశానికి తెలిసిన ఊరు. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలైంది. తొలి ఏడాది కొన్ని చీరలను సూరత్ నుంచి తెప్పించడం, వాటి నాణ్యతపై స్త్రీలే నిరసన తెలపడం తెలిసినవే. తరువాత ఆ పని ప్రధానంగా సిరిసిల్ల మగ్గాలకు దక్కి, పండుగ అక్కడ నెలల తరబడి కూలిగా మారింది. 2024లో పంపిణీ ఆగడంతో ఆ కూలీ ఆగింది. అనంతరం ఇందిరమ్మ చీరల పేరుతో మళ్లీ పని వచ్చింది. ఈ పనంతా రాష్ట్ర ఖజానా నుంచి వచ్చినదే గాని బుర్జ్ ఖలీఫా వెలుగు నుంచి వచ్చినది కాదు. కొనేవారు ఒక్కరే అయినప్పుడు ప్రతిష్ఠ ఎంత పెరిగినా మగ్గానికి భరోసా ఉండదు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు దుబాయి మరో అర్థంలో పరిచయం. దశాబ్దాలుగా ఇక్కడి పురుషులు గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్తున్నారు. బుర్జ్ ఖలీఫాను కట్టిన కార్మికుల్లో అత్యధికులు దక్షిణాసియావారే. ఆ గోడ మీద ఇంటి పండుగను చూడడం వలసకార్మికునికి గర్వకారణమే కావచ్చు. అతని వలస మాత్రం ఆ దృశ్యంలో విషయం కాలేదు.

నిజానికి బతుకమ్మ పాటలో అందుకు చోటుంది. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగిలినవారు చప్పట్లతో తిరుగుతూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. ఈ పల్లవి కింద రామకథ, అత్తింటి కష్టం, కరువు, ఊళ్లో నిన్న జరిగిన సంఘటన అన్నీ ఇముడుతాయి. పాడే స్త్రీయే కర్త కావడం ఈ ప్రక్రియకు ప్రాణం. ఏ.ఆర్. రహమాన్ స్వరపరచగా గౌతమ్ మీనన్ చిత్రీకరించిన ‘అల్లిపూల వెన్నెల’ వినసొంపైన రచనే. అయితే అది ముగిసిన పాట. దానికి కోరుట్ల స్త్రీ తన చరణాన్ని చేర్చలేదు. లౌడ్‌స్పీకరులో రికార్డు మోగుతున్న చోట ఎత్తుకునే గొంతుకు అవసరం తగ్గుతుంది. నమూనా ప్రదర్శనల్లో జరుగుతున్న అసలు నష్టం ఇదే. పూల ఎత్తు, గిన్నిస్ రికార్డు దాని ముందు చిన్న విషయాలు.

స్థానిక భేదాలదీ ఇదే స్థితి. సిరిసిల్లలో సద్దుల బతుకమ్మ తొమ్మిదవ రోజున. కొద్ది కిలోమీటర్ల దూరంలోని వేములవాడలో ఏడవ రోజునే. ప్రచారంలో ఉన్న తొమ్మిది రోజుల పట్టికలో వేములవాడ ఇమడదు. అక్కడి స్త్రీలు మాత్రం ఏటా ఏడవ రోజు సాయంత్రమే బతుకమ్మను సాగనంపుతున్నారు.